చెవిలో నీళ్లు

28 మార్చి 1999, ఆదివారం

ఎరువుల అంగడిలో ఇచ్చిన డైరీ. మూడు నెలలు ఖాళీగా పోయింది. పంట సంగతులు రాసుకుందామని ఇవాళ మొదలుపెట్టాను.

టమోటా మూడో కోత అయింది. బోరులో నీళ్లు తగ్గాయి, మధ్యమధ్య మోటారు ఆపాల్సి వస్తోంది. గంగాధరం నిన్న సెలవు మీద వచ్చాడు. రాగానే చొక్కా విప్పి పార పట్టుకుని మడికి నీళ్లు కట్టాడు. మిలిటరీలో చేరి ఆరేళ్లయినా పని మరవలేదు. ఈసారి మాటలు తక్కువ.

రెడ్డెమ్మ పెంచుతున్న పొట్టేలు వాడి వెనకే తిరుగుతోంది. కొడుకు కాశ్మీరు కొండలు దిగి క్షేమంగా వస్తే పుట్టింటి ఊరి గంగమ్మకు ఇస్తానని ఆమె మొక్కుకుంది. పుంగనూరు సంతలో పిల్లగా ఉన్నప్పుడు కొన్నాం. ఒళ్లంతా తెలుపు, ఎడమ చెవి నలుపు. నా దగ్గరికి రాదు.

2 ఏప్రిల్, శుక్రవారం

తెల్లారకముందే బాక్సులు ఎక్కించుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయాం, నేనూ గంగాధరమూ. వేలం తొందరగా అయిపోయింది. బస్టాండుకు పోదామంటే వాడు, "నాయినా, ఒక గంట నాతో రా" అన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు.

చర్చి. గుడ్‌ఫ్రైడే అట. ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకున్నారు. చెప్పులు బయట విడిచి వెనక వరసలో కూర్చున్నాం. వాడు మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు పట్టుకుని కూర్చున్నాను. పాస్టరు చాలాసేపు చెప్పాడు. ఒక మాట మాత్రం గుర్తుంది. ఆయన ప్రాణం ఎవరూ లాక్కోలేదు, ఆయనే ఇచ్చాడు అని.

బయటికొచ్చి టీ తాగుతుంటే అడిగాను.

"ఎన్నాళ్లయిందిరా?"

"రెండేండ్లు. బాప్తిస్మం గూడా తీసుకున్నా."

"పేరు మార్చినారా?"

"లేదు నాయినా. నువ్వు పెట్టిన పేరే."

"యాల రా? మన ఇంట్లో ఏం తక్కువైంది నీకు?"

టీ గ్లాసు కింద పెట్టి, ఎటో చూస్తూ చెప్పాడు.

"మామోళ్ల ఊరి జాతరలో నేను పెంచిన మేకపోతును కొట్టినారు, గుర్తుండాదా? తలమీద పసుపునీళ్లు పోసినారు. ఒళ్లు విదిలిస్తే అది దేవరకి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కొయ్యగూడదు. అది విదిలించలా. నిలబడి నా పక్కే సూస్తాండాది. మల్లప్ప మామ తల నిమిరేటోడి మాదిరి నిమిరి, చెవిలోకి నీళ్లు వదిలినాడు. చెవిలో నీళ్లు పడితే ఏ జీవమైనా విదిలిస్తాది గదా. ఒప్పుకుండాది, ఒప్పుకుండాది అని అందురూ అరిసినారు. మామ చెయ్యి నేను సూసినా."

"అది ఎప్పుడూ ఉండేదేలేరా."

"ఎప్పుడూ ఉండేదే. అందుకే చెప్తాండా. చెవిలో నీళ్లు పోయకుండా ఒప్పుకున్నోడు ఈయనొక్కడే నాయినా."

టీ డబ్బులిచ్చి లేచాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు మళ్లీ అన్నాడు.

"అమ్మ ఆ పొట్టేల్ని నా పేరుమీద సాకుతాండాది. నా పేరుమీద దాని పానం తియ్యొద్దు. అమ్మకి చెప్పలేను. నీకు చెప్తాండా."

సరే అన్నాను. బస్సు వచ్చింది.

3 ఏప్రిల్

సరే అనడమంటే మాట ఇవ్వడం కాదు. విన్నానని చెప్పడం.

రెడ్డెమ్మకు చర్చి సంగతి చెప్పలేదు.

11 ఏప్రిల్, ఆదివారం

గంగాధరం బయలుదేరాడు. వాళ్లమ్మ బొట్టు పెట్టింది. తల వంచి పెట్టించుకున్నాడు. పొట్టేలు రోడ్డుదాకా వచ్చింది. బస్సు ఆగేచోట అంగడి పెట్టుకున్న వరలక్ష్మి, "దాన్నీ తీసకపోరాదా గంగాధరా, మీ ఆఫీసరు సెల్యూట్ కొట్టిస్తాడు" అని నవ్వింది. వాడు వంగి దాని నల్లచెవి పట్టుకుని ఏదో చెప్పాడు. బెంగుళూరు బస్సు ఎక్కాడు.

పొట్టేలు రోడ్డు మీద నుంచి రానన్నది. మెడకు తాడేసి ఈడ్చుకొచ్చాను.

20 ఏప్రిల్

టమోటా ధర పడిపోయింది. నాలుగో కోత కోయించలేదు. చేలోనే పండి రాలుతోంది.

14 మే, శుక్రవారం

గంగాధరం కార్డు. రెండే ముక్కలు. క్షేమం, పైకి పోతున్నాము, కొన్నాళ్లు ఉత్తరం రాకపోతే దిగులు పడొద్దు. పైకి అంటే ఎక్కడికని రెడ్డెమ్మ అడిగింది. కొండ మీదికి అన్నాను. ఏ కొండ అంది. హార్స్లీ కొండ ఎంత ఎత్తో అట్లాంటివి పది ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటాయట అని ఎవరో చెప్పింది చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

మంగళవారం వాళ్ల పుట్టింటి ఊళ్లో జాతర. పొట్టేల్ని ఇప్పుడే ఇచ్చేస్తానంది.

"దిగి వచ్చినాక గదా ఇస్తానన్నావు?"

"ముందే ఇస్తే ఆయమ్మకి గుర్తుంటాది."

నేను వద్దనలేదు. మొక్కు ఆమెది.

18 మే, మంగళవారం. శాంతిపురం పక్కన, మల్లప్ప ఇంట్లో

పొట్టేలు విదిలించలేదు.

మూడుసార్లు పోశారు. ఎండలో పసుపునీళ్లు ఒంటిమీద ఆరిపోయాయి గానీ అది కదల్లేదు. వెనకవాళ్లు తొందర పెట్టారు. మల్లప్ప నా పక్కకు వచ్చి మెల్లగా, "రెండు చుక్కలు చెవిలో వదిలేదా బావా?" అన్నాడు. వద్దన్నాను. "వదిలితే అయిపోతాదిగదా. ఊరంతా సూస్తాండాది, పరువు పోతాది" అన్నాడు. వద్దులే, తీసకపోదాం అన్నాను.

నాకు సంతోషమే అయింది. వాడికిచ్చిన మాట... మాట కాదు. ఏదైనా గానీ, నిలబడింది.



19 మే

పొట్టేలుతో బస్సులో తిరిగి వచ్చాం. కండక్టరు, "జాతరకు పోయి వెనక్కొచ్చిన పొట్టేల్ని ఇదే సూడ్డం పెద్దాయనా, దీనికి రిటన్ టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. రెడ్డెమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పలమనేరులో బస్సు మారేటప్పుడు నెమ్మదిగా అంది: "ఆయమ్మ దీన్ని వద్దనింది. దీన్ని వద్దంటే, ఇంగ దేన్ని కావాలంటాదో."

27 మే

వరలక్ష్మి అంగట్లో టీవీ చూశాం. కార్గిల్ అంట. మన విమానాలు కొండల మీద బాంబులు వేస్తున్నాయి. చూడ్డానికి జనం రోడ్డుదాకా నిలబడ్డారు. నన్ను ముందు కూర్చోబెట్టారు. ఆడికేనా నీ కొడుకు పోయింది అని అందరూ అడుగుతున్నారు. తెలియదన్నాను.

6 జూన్

వాన లేదు. కార్డు లేదు.

9 జూన్

రెడ్డెమ్మ అన్నం ముందు కూర్చుంటుంది గానీ తినదు. పొద్దస్తమానం పొట్టేలు దగ్గరే ఉంటోంది. ఇవాళ దాంతో మాట్లాడుతుంటే విన్నాను. "ఎందుకురా కాదన్నావు? నీకేం తక్కువ చేసినా?" అని అడుగుతోంది. తిట్టడం కూడా కాదు. బతిమాలుతోంది.

టీవీలో ఒకడి ఫోటో వేశారు. మన జిల్లా కాదు. గంగాధరం వయసే ఉంటుంది.

12 జూన్, శనివారం

మల్లప్ప వచ్చాడు. అతను గ్రానైటు క్వారీలో పని చేస్తాడు. పని వదులుకుని మరీ వచ్చాడు. అక్కను చూసి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, మంగళవారం మళ్లా తీసకరా. జాతర లేకపోయినా పూజారి ఉంటాడు. ఈసారి నేను సూసుకుంటా."

"గంగాధరం వద్దన్నాడు."

ఎందుకన్నానో తెలియదు. నోరు జారింది.

"ఏం వద్దన్నాడు?"

"ఏం లేదులే."

"వాడు వద్దంటే ఆగేదానికి, వాడు ఈడ ఉండాడా? ఆడ గుండ్ల కింద ఉండాడు. అక్క సచ్చిపోతాది బావా."

కోడి కోస్తామంటే వద్దన్నాడు. మజ్జిగ తాగి పోయాడు.

13 జూన్

వాడు చెప్పింది వాడి పేరుమీద తియ్యొద్దని. రెడ్డెమ్మ ప్రాణం కోసం తీస్తే అది వేరే.

15 జూన్, మంగళవారం

విదిలించింది.

మొదట పోసినప్పుడు నిలబడింది. రెండోసారీ నిలబడింది. పదిమంది కూడా లేరు. పూజారి, మల్లప్ప, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు. మల్లప్ప తాడు పట్టుకుని నా వైపు చూశాడు. తాడు వదిలితే పొట్టేలు పారిపోతుంది. చెంబు నా చేతిలో ఉంది. రెడ్డెమ్మ అమ్మవారి వైపు తిరిగి కళ్లు మూసుకుని ఉంది. నల్లచెవి లోపల లేతగా, గులాబీరంగుగా ఉంటుందని ఇవాళే చూశాను.

ఒక్కసారి విదిలించింది. తల నుంచి తోక దాకా. నీళ్లు మా అందరి మీదా చిందాయి. పూజారి కేక పెట్టాడు. రెడ్డెమ్మ కళ్లు తెరిచి నేలమీద పడి మొక్కింది. లేచినప్పుడు ఆమె ముఖం చూశాను. నెల తర్వాత ఆ ముఖం.

చేసింది మంచిదే.

16 జూన్

కూర బాగా ఉడికింది. రెడ్డెమ్మ తిన్నది. నేనూ తిన్నాను.

17 జూన్

విదిలించింది. అందరూ చూశారు.

19 జూన్, శనివారం

పొద్దున ఎమ్మార్వో జీపు వచ్చింది. వెనక పోలీసు జీపు. వరి మడికి నీళ్లు కడుతున్నాను. ఎమ్మార్వో గట్టు మీద నిలబడి చెప్పులు విప్పాడు. విప్పినప్పుడే తెలిసింది.

టెలిగ్రాం చదివి వినిపించాడు. వాడి నంబరు, పేరు, ఊరు. ఒక తేదీ కూడా ఉంది. నేను వినలేదు. వినలేదనే రాస్తున్నాను.

మోటారు ఆపి ఇంటికి వచ్చాను.

20 జూన్

రెడ్డెమ్మకు మదనపల్లె సంగతి చెప్పాను. వాడు చర్చికి పోతాడని, బాప్తిస్మం తీసుకున్నాడని. రేపు శవం వస్తే ఎవరో ఒకరు చెబుతారు, నేనే చెప్పడం మేలని.

"నాకు తెలుసు" అంది.

"ఎవురు చెప్పినారు?"

"బొట్టు పెట్టేటప్పుడు కండ్లు మూసుకునేటోడు చిన్నప్పట్నించీ. రెండేండ్లుగా తెరుసుకునే ఉంటాండాడు. నా మనసు నొప్పించకూడదని తల మాత్రం వంచుతాండాడు."

పొట్టేలు గురించి వాడు అడిగింది మాత్రం చెప్పలేదు.

21 జూన్, సోమవారం

బెంగుళూరు నుంచి మిలిటరీ లారీలో తెచ్చారు. పెట్టె మీద జెండా. పుంగనూరు నుంచి మా ఊరిదాకా రోడ్డుకు రెండు పక్కలా జనం. మా చేలోనే, టమోటా మడి పక్కన గుంత తవ్వారు. పెట్టె తెరవొద్దన్నారు. రెడ్డెమ్మ తెరవమని అడగలేదు.

మదనపల్లె చర్చి వాళ్లు కూడా వచ్చారు. పాస్టరు, ఆయన వెంట ఒక టీచరమ్మ, నలుగురైదుగురు మగవాళ్లు. దూరంగా చింతచెట్టు కింద నిలబడ్డారు. మా ఊరి పెద్దమనిషి చిన్నస్వామి చూసి, "ఈళ్లెవురప్పా? ఈళ్లకేం పని ఈడ?" అన్నాడు. నేను నోరు తెరవకముందే రెడ్డెమ్మ అంది:

"నా కొడుకు మనుషులు. ఇట్ల రమ్మను. ఎండలో యాల నిలబడాల?"

వాళ్లు చింతచెట్టు నీడలోనే ఉన్నారు. అయినా ఆ మాట అని వాళ్లను దగ్గరికి పిలిపించింది. తుపాకులు పేల్చారు. పాస్టరు ప్రార్థన చేశాడు. మట్టి అందరూ వేశారు.

2 జూలై

కొట్టంలో పొట్టేలు కట్టేసే గుంజ పీకేశాను. గుంత పూడ్చాను.

26 జూలై

గెలిచామట. వరలక్ష్మి మిఠాయిలు పంచింది. నాకు ఇవ్వాలా వద్దా అని చేయి చాచి ఆగింది. తీసుకున్నాను.

12 సెప్టెంబరు, ఆదివారం

మునిరత్నం వచ్చాడు. గంగాధరంతో పాటు ఉన్నవాడు, మదనపల్లె పక్కనుంచి. ఎడమచేతికి ఇంకా కట్టు ఉంది. మంచం మీద కూర్చోమంటే కింద కూర్చున్నాడు. రెడ్డెమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"నాయినా, చెప్పిపోదామని వచ్చినా. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"చెప్పప్పా."

"కొండ మీద ఒక బండ ఉండాది. ముందు ఒకడు దాని మిందికి ఎక్కి తాడు కట్టాల. కడితే మిగతావాళ్లు ఎక్కొచ్చు. ముందు ఎక్కినోడికి ఏమైతాదో అందరికీ తెలుసు. సాబ్ నా పేరు పిలిసినాడు. అప్పటికి నాకు బిడ్డ పుట్టి నెల. నేను లేసేలోపల గంగాధరం లేసి, నేను పోతా సాబ్ అన్నాడు. సాబ్ నా పక్కకి సూసినాడు. నేను ఏమీ అనలా నాయినా. వద్దు, నేనే పోతా అనాల్సింది. కూర్చుండిపోయినా."

"తాడు కట్టినాడా?"

"కట్టినాడు. ఆ తాడు పట్టుకునే మేం ఎక్కినాం."

నేనూ కింద అతని ఎదురుగా కూర్చున్నాను. తర్వాత అడిగాను.

"నువ్వు వాణ్ణి అడిగినావా, నా బదులు పో అని?"

"లేదు నాయినా, నా బిడ్డ మీద ఒట్టు."

"ఎవురన్నా వాడి చెవిలో ఏమన్నా చెప్పినారా?"

అతనికి అర్థం కాలేదు. నా ముఖం చూశాడు. "ఆడ గాలి హోరు నాయినా. చెప్పినా వినపడదు. వాడే లేసినాడు. లేసినంక నన్ను సూసి నవ్వినాడు."

రెడ్డెమ్మ ఒక అడుగు ముందుకు వచ్చింది. "అది ఏ వారమప్పా, పొట్టేల్ని ఇచ్చిన మంగళవారానికి ముందా..." అని అడగబోయింది. పూర్తిగా అడగనీకుండా, పిల్లోడికి నీళ్లు తెమ్మని లోపలికి పంపాను. ఆమె వచ్చేలోపల అతన్ని బస్సు దగ్గరికి తీసుకుపోయాను.

13 సెప్టెంబరు

వాడే లేచాడు.

8 ఫిబ్రవరి 2000

పాత డైరీలోనే వెనక ఖాళీ కాగితాల్లో రాస్తున్నాను.

చిన్నస్వామి, ఇంకో నలుగురు ఇంటికి వచ్చారు. గంగాధరానికి వీరుడి రాయి నాటాలంటున్నారు. మా ఊరి చేలల్లో ఒక పాత వీరుడి రాయి ఉంది. ఎప్పటివాడో, కత్తి పట్టుకుని ఉంటాడు. ఏటా దానికి పొట్టేలు కొడతారు. ఇకనుంచి వీడికి కూడా కొడతారట. "మన ఊరికి మళ్లా వీరుడు పుట్టినాడు బావా. ఊరికే వదిలేస్తే మనకు మంచిది కాదు" అన్నాడు చిన్నస్వామి. రాయి మల్లప్ప తెస్తాడు. పొట్టేలు ఊరు పెడుతుంది.

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. వాళ్లు అవునని పోయారు.

రెడ్డెమ్మ గడప దగ్గరే కూర్చుని అంతా విన్నది.

5 మార్చి 2000, ఆదివారం

రాయి నాటారు. నల్ల గ్రానైటు, నునుపుగా తోముకొచ్చాడు మల్లప్ప. పేరు, ఊరు, సంవత్సరం. పైన రెడ్డెమ్మ చెప్పి చెక్కించిన చిన్న సిలువ. చిన్నస్వామి దాన్ని చూశాడు, చూడనట్టు పూలదండ కాస్త పైకి జరిపాడు. దండ కిందికి జారింది.

పొట్టేల్ని తెచ్చారు. గోధుమరంగుది, చిన్నది. ఇంకా కొమ్ములు సరిగా రాలేదు. వీరుడి తండ్రి పొయ్యాలని పసుపునీళ్ల చెంబు నా చేతికిచ్చారు. ఊరంతా ఉంది. పోశాను. నిలబడింది. మళ్లీ పోశాను. నిలబడింది. కత్తి పట్టుకున్నవాడు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీద వేసుకుంటున్నాడు. మల్లప్ప పొట్టేలు తల నిమురుతూ దగ్గరికి జరిగాడు. అతని అరచేయి తడిగా ఉంది. నా వైపు చూశాడు, జూన్‌లో చూసినట్టే.

నా చెంబులో ఇంకా నీళ్లు ఉన్నాయి.

రెడ్డెమ్మ ఆడవాళ్ల మధ్యనుంచి లేచి వచ్చింది. పొట్టేలు ముందు గొంతుక్కూర్చుంది. మల్లప్ప చేతిని పక్కకు తోసి, దాని రెండు చెవులనూ రెండు అరచేతులతో మూసి పట్టుకుంది.

"ఇప్పుడు పొయ్యయ్యా" అంది నాతో.

అప్పుడు తెలిసింది, ఆమెకు తెలుసని. ఎప్పటినుంచో తెలియదు. ఆ రోజు కళ్లు మూసుకుని ఉందనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

పోశాను. నీళ్లు ఆమె చేతుల మీదుగా మోచేతుల దాకా కారాయి. పొట్టేలు ఆమె ముఖం చూస్తూ నిలబడింది.

"చేతులు తియ్యి రెడ్డెమ్మా" అన్నాడు చిన్నస్వామి. "అట్ల పట్టుకుంటే అది యాడ విదిలిస్తాది?"

"చెవులు మూస్తే ఒళ్లు కదలదా అన్నా? ఒప్పుకునేటిది అయితే ఒప్పుకుంటాది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"నా కొడుకును ఎవురూ పట్టుకోలా. వాడే లేసినాడు. వాడి రాయి కాడ దీన్ని గూడా ఎవురూ పట్టుకునేది లేదు. పొయ్యయ్యా."

చెంబు ఖాళీ అయ్యేదాకా పోశాను. ఎండ నెత్తికెక్కింది. పిల్లల్ని తీసుకుని కొందరు ఇళ్లకు పోయారు. కత్తి పట్టుకున్నవాడు కత్తిని గోనెసంచిలో చుట్టాడు. చిన్నస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఇది ఊరికి మంచిది కాదని చెప్పి పోయాడు. మల్లప్ప మాత్రం తల వంచుకుని నిలబడ్డాడు. పొట్టేలు విదిలించలేదు.

నేనే తాడు విప్పాను. అది పోలేదు. రాతి నీడలో పడుకుంది.

సాయంత్రం అన్నం పెడుతూ రెడ్డెమ్మ, "వాడు నిన్నేమన్నా అడిగినాడా, పోయేముందు?" అంది. ఆమె చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

చెప్పాను. మదనపల్లె బస్టాండులో వాడు అన్నదంతా. నేను సరే అన్నానని కూడా.

ఆమె కంచంలో మజ్జిగ పోసింది.

"ఇంగ ఈ ఇంట్లో వాడి పేరుమీద ఏ పానమూ పోగూడదు" అంది.

సరే అన్నాను.

ఈసారి విన్నానని కాదు.